రెండెండలు

కాశీబుగ్గ రైలుగేటు దాటాక
మూడో సందులో మా జీడిపప్పు కార్ఖానా.
అక్కడ నేను లెక్కలు రాస్తాను.
ఇరవై రెండేళ్లుగా నా పుస్తకంలో
బస్తాలున్నాయి, కట్టెలున్నాయి, కూలి ఉంది,
గుండు ఎంత, బద్ద ఎంత, నూక ఎంత.
ఎవరేమన్నారో రాసుకునే గడి మాత్రం
ఎవరూ గీసివ్వలేదు.
నేనూ అడగలేదు.

ఆ వైశాఖంలో పప్పు విరగడం మొదలైంది.
కత్తి దిగగానే మూడు ముక్కలు.
గుండు పడాల్సిన డబ్బాలో నూక.
సావుకారు బాయిలరు దగ్గరివాణ్ణి తిట్టాడు,
వాడు కత్తులు సానబట్టినవాణ్ణి,
అతను కరెంటుని.
విశాఖ నుంచి మెకానిక్కు వచ్చి
టీ తాగి, గేజీని వేలితో తట్టి
పన్నెండు వందలు పట్టుకెళ్లాడు.
మరమ్మతు ఖాతాలో రాశాను.

గుమ్మం పక్కన, వెలుతురు చాలని చోట
కొండ నుంచి వచ్చినావిడ పీట.
మందస అవతల గూడెం. సవర మాట.
నా పుస్తకంలో సుబ్బమ్మ.
మూడు రోజులుగా ఏదో అంటూనే ఉంది,
మాతో కాదు, గింజతో అన్నట్టు.
ఆవిడ గొణుగుడు ఆవిడది, అనుకున్నాం.
గొణుగుడు అంటే
మనకు రాని భాషకి
మనం పెట్టుకున్న పేరు.

నాలుగోరోజు, పక్కపీట కుంతలా బెహరా
(ఇచ్ఛాపురం అవతలి పిల్ల,
సంతల్లో తిరిగి సగం సవర పట్టింది)
విని, ఒడియాలో నీలవేణికి చెప్పింది.
నీలవేణి చేతుల బూడిద దులుపుకుని
లేచి నిలబడి, తెలుగులో:
"రెండు రోజులు కావాలంతంది బాబూ."

సావుకారు మొహం కందిపోయింది.
"సరుకు నాశనమైపోతంటే సెలవా? ఏటే మీ గోల?"
నేనూ పెన్ను మూత తీశాను,
రెండు గైర్హాజర్లు వెయ్యడానికి.

కొండ దిగి, రెండు నోళ్లు మారి
ఇంత దూరం వచ్చిన మాట
నా బల్ల ముందు
చెయ్యి జారి పడిపోయింది.

అప్పుడు ఆవిడే లేచింది.
బస్తాలోంచి ఒక గింజ తీసి
నా చెవి పక్కన ఆడించింది.
ఏమీ లేదు.
కొంగు ముడి విప్పి ఇంకో గింజ తీసింది,
తన పెరటిదో, పోయినేటిదో.
ఆడించింది.
గిలక్కాయ!
లోపల పప్పు దొర్లుతున్న చప్పుడు.
మళ్లీ మా గింజ. మూగ.
కిటికీలోంచి సూర్యుణ్ణి చూపించి
రెండు వేళ్లెత్తింది.

కుంతల నెత్తి కొట్టుకుంది.
రోజులు కాదు, ఎండలు.
ఆరకుండానే బస్తాకెత్తిన సరుకు
ఇంకా రెండెండలు బాకీ.

కళ్లం నిండా పరిచాం.
మూడోనాడు గుండు గుండులాగే దిగింది.
"నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు సావుకారు.
కూలి పెంచలేదు.
కానీ లారీ వస్తే ఇప్పుడు
తాడు విప్పకముందే ఓ దోసెడు గింజలు
గుమ్మం పక్క పీటకి వెళ్తాయి.
ఆ పీటా కిటికీ దగ్గరికి జరిగింది.
జరిపిందెవరో నాకు తెలీదు.

ఆ ఊపులో ఇంకోటి బయటపడింది.
ఉత్తరం కిటికీ మూసేస్తే
పప్పు మీద పొట్టు సరిగా లేవదని
నీలవేణికి ఆరేళ్లుగా తెలుసు.
మరి చెప్పలేదేం, అన్నాను.
"ఎవులడిగినారు బాబూ?"

ఆరేళ్ల పొట్టు
ఏ ఖాతాలో రాయను?

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి
సుబ్బమ్మని కొట్టేసి
పేరేమిటని అడిగాను, కుంతల సాయంతో.
సుంబారి, అంది.
రాసి, పైకి చదివాను.
తల అడ్డంగా ఊపింది. మళ్లీ చదివాను.
ఊహూఁ.
మధ్యలో ఎక్కడో ఓ విరుపు ఉంది,
నా అక్షరాలు అందుకోనిది.
మూడోసారికి నవ్వి,
నా పెదాలకేసి చూపించి
రెండు వేళ్లెత్తింది.

కుంతలని అడగక్కర్లేకపోయింది.